దస్తగిరి మాస్టరు కట్టిన మేళం

ఆళ్లగడ్డలో నేను లెక్కలు చెప్పే బడి గోడకు అవతల శిల్పుల షెడ్లు ఉన్నాయి. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఉలుల చప్పుడు మొదలవుతుంది. ఒక్కో షెడ్డులో ఒక్కో చేతి వేగం. ఒకరి దెబ్బ నల్లరాతి మీద బరువుగా, నిదానంగా పడుతుంది. ఇంకొకరి చిన్న ఉలి వడివడిగా పోతుంది. చాలాసేపు అది ఉత్త రొదే. ఉన్నట్టుండి రెండు షెడ్ల చేతులు ఒకే దెబ్బ మీద కలుస్తాయి. నాలుగైదు దెబ్బలు కలిసి నడిచి మళ్ళీ ఎవరి దారిన వాళ్ళు విడిపోతారు. నిన్న తొమ్మిదో తరగతిలో అట్లా కలిసిన క్షణాన నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. దస్తగిరి మాస్టరు ఉండి ఉంటే ఈ పాటికి కిటికీ దగ్గర నిలబడి, గోడ మీద వేళ్ళతో తాళం మాత్రలు లెక్కపెడుతూ ఉండేవారు.

మాస్టరు అంటే బడి మాస్టరు కాదు, బ్యాండు మాస్టరు. నంద్యాలలో వాళ్ళ నాయన కాలం నుంచీ పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ వాయించిన మేళం వాళ్ళది. స్పీకర్లు పేర్చిన డీజే బండ్లు వచ్చాక ఆ మేళాన్ని పిలిచేవాళ్ళు కరువయ్యారు. ట్రంపెట్ వాయించే ఖాజా అన్న ఆటో తోలుకున్నాడు. డ్రమ్ము వాయించే ఆయన బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. వాద్యాలన్నీ పాత చీరల్లో చుట్టుకుని మంచాల కిందికి చేరాయి. అప్పుడు మాస్టరుకు యాభై దాటింది. ఇంకెవరైనా అయితే మేళం కథ ముగిసిందనుకునేవారు. ఆయన మాత్రం చిన్నప్పుడు రేడియోలో ఒకసారి విన్న విదేశీ వాద్యగోష్ఠిని మనసులో పెట్టుకుని ఉన్నారు. డెబ్బై ఎనభై మంది కలిసి వాయించినది. దాని పేరు ఆయనకు తెలియదు. "అంతమంది ఒకర్నొకరు తొక్కుకోకుండా యెట్ల పోతాండారబ్బా" అన్న ప్రశ్న ఒకటే నలభై ఏళ్ళు ఆయనతో ఉండిపోయింది. జవాబు వెతకడానికి పాత మేళంవాళ్ళ ఇంటింటికీ తిరిగారు.

"పెండ్లిండ్లకు గాదప్పా. మనం కూసోని వాయిస్తాం. జనం కూసోని వింటారు," అని చెప్పేవారట.

"నంద్యాలలో ఎవరుండారన్నా, ఊరికే కూసోని వినేది?" అని ఖాజా అన్న నవ్వాడట.

"కుర్చీలు యేస్తే కూసుంటారు," అన్నారట మాస్టరు.

నేను ఆయన కంటపడింది ఒక బుధవారం మధ్యాహ్నం. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నంద్యాలలో మా చర్చిలో ఎవరూ లేని వేళ మా తాత ఫిడేలు వాయించుకుంటూ ఉన్నాను. పాట ఆపితే కిటికీ బయట ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, సన్నటి మీసం, వీధిలో స్టాండు వేసిన పాత స్కూటరు.

"ఏమ్మా, ఆ ఫిడేలు నీదేనా?"

"మా తాతది."

"మూడో తీగ రవంత దిగిపోయింది. నీకు తెలుస్తాందా?"

"తెలుస్తాంది. బిరడా జారుతాంది."

"తెలుస్తాంటే సాలు. తీగ సంగతి తర్వాత," అని మా ఇల్లు ఎక్కడో అడిగి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. మా నాయన బడిపంతులు. ప్రతి ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేది ఆయనే. మాస్టరు చెప్పిందంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "బ్యాండు మేళంలోకి ఆడపిల్లను పంపమంటావా?" అన్నాడు.

"పంపొద్దు సార్. తోడుకోని రండి."

"నేనేం జేస్తా ఆడ?"

"హార్మోనియం వాయిస్తారు."

మా నాయన తుడిచిన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. బడిలోనూ ఇంట్లోనూ మాట చెల్లే మనిషే గానీ, సంగీతం కోసం ఆయన్ను ఎవరూ అంతవరకూ ఇంటికొచ్చి అడగలేదు. ఆ ఆదివారం ప్రార్థన అయిపోయాక, భోజనం చేసి, హార్మోనియం రిక్షాలో పెట్టుకుని ఇద్దరం బయల్దేరాం.

సాధన జరిగేది మూతపడిన ఒక పత్తి మిల్లులో. గింజలు వలిచే యంత్రాలు తీసేశాక మిగిలిన పెద్ద రేకుల షెడ్డు అది. యజమాని తాళంచెవి మాస్టరు చేతికిచ్చి, పావురాలను మాత్రం వెళ్ళగొట్టొద్దన్నాడట. ఎంత ఊడ్చినా నేల పగుళ్ళలోంచి పాత దూది లేచి క్లారినెట్ల రంధ్రాల్లో దూరేది. మొదటి రోజు ఇరవైమూడు మందిమి. బ్యాండువాళ్ళు విన్నది విన్నట్టు వాయిస్తారు, కాగితం చూడరు. మాస్టరు పిలుచుకొచ్చిన మా చర్చి వాళ్ళం ఐదు గీతల మీద రాసింది చూస్తే గానీ కదలం. మహానంది నుంచి వచ్చిన నాదస్వరం నారాయణప్పకు సరిగమలు తప్ప మరోటి అక్కర్లేదు. మూడు గుంపులకీ ఒకే పాట మూడు రకాలుగా చెప్పాలి. మాస్టరు మూడు వారాలు మా నాయన దగ్గర కూర్చుని, పలక మీద గీతలు గీసుకుని, ఆ ఐదు గీతల రాత నేర్చుకున్నారు. తన వయసు వాడి దగ్గర, ఇరవై మంది చూస్తుండగా. తప్పు రాస్తే చొక్కా చేతితో తుడిపేసి, "ఇంగోసారి చెప్పండి సార్," అనేవారు. నేర్చుకోవడానికి సిగ్గుపడని పెద్దమనిషిని నేను చూడటం అదే మొదలు.

అసలు చిక్కు శ్రుతితో వచ్చింది. నారాయణప్ప నాదస్వరం ఆయన తాత చేయించినది. మా అందరి శ్రుతికీ అది వెంట్రుకవాసి తక్కువ పలికేది. నోట్లో పెట్టుకుని ఊదే పీకలు మార్చి చూశారు, లాభం లేకపోయింది. అందరం కలిసి వాయిస్తే ఆ ఒక్క వాద్యమే తప్పు పలుకుతున్నట్టు వినిపించేది. ఒక ఆదివారం వెనక వరసలో కుర్రవాళ్ళు కిసుక్కుమన్నారు.  నారాయణప్ప నాదస్వరాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని లేచాడు.

"యాడికప్పా?" అన్నారు మాస్టరు.

"మహానందికి. దేవునికాడ ఇది సరిగ్గానే పలుకుతాది."

"కూసో. అది తప్పు పల్కల్యా. మేమే ఎక్కువ పల్కుతాండాం." మాస్టరు మా వైపు తిరిగారు. "క్లారినెట్లోల్లు గొట్టాలు లాగండి. ఫిడేళ్ళోల్లు తీగలు దించండి. మారలేనోనికాడికి మారగలిగినోల్లే పోవల్ల."

మేం దించుకున్నాం, లాక్కున్నాం. అరగంట పట్టింది. అప్పుడు తెలిసింది, మారలేనిది ఇంకొకటి కూడా ఉందని. మా నాయన హార్మోనియం. దాని మెట్లు అతికించినట్టే ఉంటాయి, లాగడానికీ దించడానికీ ఏమీ ఉండదు. నాదస్వరం ఉంటే హార్మోనియం ఉండకూడదు. షెడ్డులో అందరికీ అర్థమైంది. మాస్టరు వచ్చి మా నాయన పక్కన నేల మీద కూర్చున్నారు.

"సార్, నారాయణప్పకు ఇది తప్ప ఇంగొకటి చేతగాదు. మీకు చేతనయినవి శానా ఉండాయి."

మా నాయన హార్మోనియం మూత వేశాడు. దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంటికి పోదామని లేచాను. ఆయన లేవలేదు. "నా దస్తూరి బాగుంటాది. అందరికీ ఎవరి పాట వాళ్ళకు రాసిస్తా," అన్నాడు. ఆ రోజు నుంచి మేళంలో ప్రతి కాగితం మా నాయన చేతిరాతే. ఐదు గీతల్లో, సరిగమల్లో, బ్యాండువాళ్ళకు వాళ్ళు పోల్చుకునే తేలిక గుర్తుల్లో, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఇప్పుడు చెయ్యి వణుకుతున్నా ఇంకొకరికి ఇవ్వడు. వాయించిన రోజులకంటే రాసిన రోజుల్లోనే మేళం ఆయనది అయిందని నేననుకుంటాను.

రెండేళ్ళకు మేం నలభైమందిమి అయ్యాం. ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం పార్కులో వాయించేవాళ్ళం. మాస్టరు చెప్పినట్టే కుర్చీలు వేశాం, జనం కూర్చున్నారు. మొదట్లో మా వాళ్ళ ఇళ్ళవాళ్ళే. తర్వాత విత్తనాల కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్ళు, మార్కెట్ యార్డు హమాలీలు, మసీదు నుంచి వచ్చే ముసలివాళ్ళు, ట్యూషన్ ఎగ్గొట్టిన పిల్లలు. ఒక హమాలీ ప్రతిసారీ ముందు వరసలో కూర్చుని, "ఆ నిదానంగా పొయ్యేది వాయించండప్పా," అని అడిగేవాడు. అది వింటూ నిద్రపోయేవాడు. ఎవరో నవ్వితే మాస్టరు, "వారమంతా బస్తాలు మోసినోడు. ఆయప్ప నిద్ర మనకు చప్పట్ల కంటే మేలు," అన్నారు. శివరాత్రికి మహానందిలో, క్రిస్మస్‌కు మా చర్చి ముందర, పిల్లల బడి పండగల్లో, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళాం. ఖాజా అన్న కూతురి కాన్పుకు రక్తం కావలసివస్తే ఇచ్చింది నారాయణప్ప కొడుకు. అంతకుముందు ఆ రెండిళ్ళ వాళ్ళకు ముఖపరిచయం కూడా లేదు.

ఆ రోజుల్లోనే మాస్టరు తన సొంత వరసలతో కుందూ ఏటి మీద నాలుగు భాగాల వాద్యరచన ఒకటి కట్టారు. మొదటి భాగం ఎండాకాలపు ఏరు, క్లారినెట్లు మాత్రమే. రెండో భాగంలో నీళ్ళొస్తాయి. ఏడు మాత్రల తాళంలో డోలూ డ్రమ్మూ అందుకుంటే, ఆ మీద ఖాజా అన్న ట్రంపెట్ లేస్తుంది. దాన్ని మొట్టమొదట పూర్తిగా వాయించడానికి ఆళ్లగడ్డ శిల్పులు మమ్మల్ని పిలిచారు. మైదానంలో రాతిపలకలు పరిచి వేదిక కట్టారు.

మేళం ముందు నిలబడి చిన్న కర్రతో తాళం చూపించేది ఎప్పుడూ మాస్టరే. బయల్దేరే రోజు పొద్దున ఆయన ఫోన్ చేశారు.

"రూతమ్మా, మా అన్న పోయినాడు. పాణ్యం పోతాండా. మీరు బస్సు ఆపొద్దు. కర్ర నువ్వు పట్టుకో."

"నా వల్ల గాదు మాస్టారూ. ఖాజా అన్న ఉండాడు గదా."

"ఆయప్ప ట్రంపెట్ ఎవరు ఊదల్ల? నువ్వు అందరి కాగితాలూ చూసినావ్, మీ నాయన రాస్తాంటే. నిల్చో." అంతే, పెట్టేశారు.

నాకప్పుడు ఇరవైనాలుగేళ్ళు. నలభైమందిలో ఆడవాళ్ళం ముగ్గురమే. బస్సులో సంగతి చెబితే ఖాజా అన్న కిటికీ వైపు తిరిగి, "మాస్టరు చెప్పినాడంటే సరే," అన్నాడు. ఆ 'సరే'లో ఒప్పుకోలు లేదు. సాయంత్రం మైదానం నిండిపోయింది. చాపల మీద, ట్రాక్టరు ట్రాలీల మీద, గోడల మీద జనం. మొదటి భాగం క్లారినెట్లు వాటంతట అవే నడిపించుకున్నాయి. రెండో భాగానికి నేను చెయ్యి ఎత్తాను. భయంతో నా చెయ్యి వేగంగా పడింది. డోలు నా చేతిని అనుసరించింది. డ్రమ్ము అలవాటైన నడక వదలలేదు. తాళం నాలుగు ఆవర్తాలు తిరిగేసరికే రెండూ చీలిపోయాయి. ఖాజా అన్న నా వైపు చూడకుండా, తనకు తోచినచోట ఎత్తుకున్నాడు. ఆ తర్వాత వినిపించింది ఏరు కాదు, సంత.

అట్లాగే లాగించి ఉండొచ్చు. ఎక్కడో ఒకచోట అందరూ కలిసేవాళ్ళు, జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, చాలామందికి తెలిసేది కూడా కాదు. నేను రెండు చేతులూ ఎత్తి ఆపేశాను. ఒక్కొక్క వాద్యమే ఆగింది, చివరికి ఒక డ్రమ్ము మిగిలి, అదీ ఆగింది. ఎవరో ఈల వేశారు.  జనం వైపు తిరిగాను.

"కొంచెం ఓర్చుకోండి. తాళం నేను తప్పించినా. తప్పు వీళ్ళది గాదు. ఈ భాగం మొదట్నుంచీ వాయిస్తాం."

 ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలి శిల్పి అన్నాడు: "వాయించమ్మా. మాకేం బస్సు ల్యా."

జనం నవ్వారు. మా వాళ్ళూ నవ్వారు. నేను వెనక్కి తిరిగేసరికి ఖాజా అన్న నా కళ్ళలోకి చూస్తున్నాడు. పొద్దుటి నుంచి అదే మొదటిసారి. ట్రంపెట్ పెదాల దగ్గర పెట్టుకుని తల ఊపాడు. ఈసారి ఏడు మాత్రలూ లోపల అనుకుని, అప్పుడు చెయ్యి దించాను. డోలూ డ్రమ్మూ ఒక్కటై నడిచాయి. ఆ మీద ట్రంపెట్ లేచినప్పుడు నిజంగా నీళ్ళు వచ్చాయి.

మూడో నాడు మేం పాణ్యం వెళ్ళాం. మాస్టరు వాళ్ళ అన్న ఇంటి ముందు కుర్చీలో ఉన్నారు. ఆయనకు కబురు ముందే చేరింది. మిగతావాళ్ళు లోపలికి వెళ్ళాక నన్ను కూర్చోమన్నారు.

"నిలిపినావంట."

"నిలిపినా మాస్టారూ."

"తప్పు నీదేనా, ఖాజాదా?"

"మొదట నాదే."

 ఆయన వీధిలోకి చూస్తూ, ఎవరికో లెక్క అప్పజెప్పినట్టు, నెమ్మదిగా చెప్పారు. తనకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక పెద్ద ఊరేగింపులో ఆయన క్లారినెట్ తాళం తప్పిందట. మేళమంతా చెదిరింది. వాళ్ళ నాయన వీధిలోనే నిలబెట్టి ఎవరు తప్పారని అడిగారట. "నేను డోలు కొట్టే యెంకన్న దిక్కు జూసినా. మాట గూడా అనల్యా. ఊరికే జూసినా. అంతే. మా నాయన ఆయప్పను అప్పుడే పొమ్మన్నాడు. డోలు ఆడనే దింపి ఎళ్ళిపోయినాడు." ఆ తర్వాత ఎంత వెతికినా వెంకన్న కనిపించలేదు. బనగానపల్లె వైపు పోయాడని ఒకరు, చనిపోయాడని ఒకరు చెప్పారట. "నాది తప్పు అనే రెండు మాటలు. ముప్పై ఏండ్లు దాటినా నా నోట్లోంచి రాల్యా. నువ్వు ఊరి ముందర నిలబడి అనొచ్చినావ్."

 ధైర్యంతో అనలేదు, భయంతో అన్నానని చెప్పాను.

"ఎట్లన్నా అన్నావు గదా," అన్నారు. "కర్ర నీ దగ్గరే ఉండనీ."

మర్యాదకు అన్నారనుకున్నాను. నెల తర్వాత సాధనకు ఆయన చేతిలో క్లారినెట్‌తో వచ్చారు. మేళం కట్టిన నాటి నుంచీ ఆయన వాయించగా మేం చూడలేదు. అంతకు చాలా ముందే స్కూటరు మీది నుంచి పడి ముందుపళ్ళు పోయాయి. క్లారినెట్‌కు ముందుపళ్ళే ఆధారం. ఇప్పుడు పళ్ళు కట్టించుకుని, ఇంట్లో తలుపులు వేసుకుని, నెల రోజులు గాలి పట్టడం మళ్ళీ నేర్చుకున్నారట. నేరుగా వెళ్ళి క్లారినెట్ల చివరి వరసలో, చివరి కుర్చీలో కూర్చున్నారు. మా నాయన ఆయనకూ ఒక కాగితం రాసిచ్చాడు.

ఆయన అట్లా వచ్చి కూర్చున్న మూడో ఆదివారం అసలు సంగతి జరిగింది. కుందూ రచన మూడో భాగంలో క్లారినెట్లు ఒక విరామం తర్వాత అందుకోవాలి. మాస్టరు అర మాత్ర ముందే అందుకున్నారు. అది ఆయన కట్టిన వరసే. వినపడనట్టు ఊరుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. కుర్రవాళ్ళెవరైనా అయితే నేను ఆపి ఉండేదాన్ని. అది తలుచుకోగానే నా చేతులు వాటంతట అవే లేచాయి. మేళం ఆగింది.

"మాస్టారూ," అన్నాను.  "మీరు అర మాత్ర ముందొచ్చినారు."

 మా నాయన కలం పట్టుకుని తల ఎత్తాడు. మాస్టరు కాగితం వంక ఒకసారి చూసుకున్నారు, క్లారినెట్ ఒళ్ళో పెట్టుకున్నారు. నేను ఎన్నడూ వినని స్పష్టతతో, షెడ్డు చివరిదాకా వినిపించేట్టు అన్నారు:

"అవునమ్మా. నాది తప్పు. మల్లా మొదలుపెట్టు."

మొదలుపెట్టాను. ఆయన సరిగ్గా వచ్చారు.

ఆ తర్వాత పదేళ్ళు ఆయన ఆ చివరి కుర్చీలోనే వాయించారు. నిరుడు పోయారు. ముస్లింల శవయాత్రలో, జనాజా వెంట, వాద్యాలు ఉండవు గనుక, ఊరందరికీ వాయించిన మేళం ఆయన వెనక ఉత్త చేతులతో నడిచింది. ఆడవాళ్ళు వెంట వెళ్ళే ఆచారం లేదు గనుక మేం ఇంటి దగ్గరే ఉండిపోయాం. వచ్చే ఆదివారం సాధన ఉందా అని ఖాజా అన్న నన్ను అడిగాడు. ఉందన్నాను.

నేను తరగతిలో బోర్డు మీద లెక్క తప్పు చేస్తుంటాను. ఎవరికైనా జరిగేదే. మొదట్లో పిల్లలు చూడకముందే తుడిపేసేదాన్ని. ఇప్పుడు ఆగి, వాళ్ళ వైపు తిరిగి, "నాది తప్పు. మళ్ళీ మొదలుపెడదాం," అంటాను. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటివారం బిత్తరపోతారు. టీచరు అట్లా అంటుందని వాళ్ళకు తెలియదు. దసరా సెలవులు వచ్చేసరికి వాళ్ళలో ఒకరిద్దరు లేచి నిలబడి, తలకాయ దించుకోకుండా, "టీచర్, నాది తప్పు," అనడం మొదలుపెడతారు. అప్పుడు నేను సుద్దముక్క వాళ్ళ చేతికిచ్చి పక్కకు జరుగుతాను.